బొట్టు కింద తెల్లమచ్చ

అందం కోసం రాసుకునేవీ అతికించుకునేవీ ఒక్కోసారి మన ఒంట్లోని కాపలాదారుల్నే మన మీదికి ఉసిగొల్పుతాయా? నరసాపురంలో ఒక పిన్ని నుదుటి మీద మొదలైన ప్రశ్న ఇది. జవాబు కోసం జపాన్ దాకా, మలప్పురం దాకా వెళ్లాల్సి వచ్చింది.

మా పిన్ని వాళ్ల స్నానాలగదిలో అద్దం చూస్తే నవ్వొచ్చేది. అంచుల చుట్టూ బొట్టుబిళ్లలే. మెరూన్‌వి, ఎర్రవి, పెళ్లిళ్లకు పెట్టుకునే రాళ్లవి. రాత్రి పడుకోబోయే ముందు తీసి అద్దానికి అతికించడం, పొద్దున్నే మొహం కడుక్కుని మళ్లీ అదే తీసి పెట్టుకోవడం. ఒక్కో బిళ్ల వారం పదిరోజులు వచ్చేది. ‘జిగురు పోయేదాకా వాడాలే, ఊరికే వస్తున్నాయేంటే’ అనేది.

రేవుకి దగ్గర్లోనే వాళ్లిల్లు. సఖినేటిపల్లి వెళ్లే పంటు మోత వీధిలోకి వినిపిస్తుంది. మధ్యాహ్నం పనులయ్యాక నలుగురు ఆడవాళ్లు అరుగు మీద చేరి లేసు అల్లుతూ కూర్చుంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సూది మీది చూపు తిప్పకుండానే ఎదుటివాళ్లని ఆపాదమస్తకం పరికించడం వాళ్లకే చేతనవును. పిన్ని నుదుటి మీది మచ్చని మొదట కనిపెట్టింది ఆ అరుగు మీదే. 2021 సంక్రాంతి వెళ్లిన కొత్తలో.

‘ఏమ్మా, బొట్టు పక్కన తెల్లగా ఉందేంటి, పౌడరా?’

పౌడరు కాదు. బిళ్ల తీసి చూసుకుంటే దాని కింద మిరియపు గింజంత తెల్లటి చుక్క. రెండు నెలలకి అది శనగబద్దంతయింది. అప్పుడు పిన్ని ఏం చేసిందో తెలుసా... మచ్చ కనబడకుండా అంతకన్నా పెద్ద బిళ్ల పెట్టుకుంది! మచ్చ పెరిగేకొద్దీ బిళ్ల సైజు పెరిగింది. బిళ్ల పెరిగేకొద్దీ మచ్చా పెరిగింది.

ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ‘తల్లికి బొల్లి ఉందట’ అన్న మాట రేవు దాటి అవతలి గట్టుకి వెళ్లడానికి పంటు కూడా అక్కర్లేదు. అందుకే పిన్ని ఎవరికీ చెప్పలేదు. ఎవరో ఇచ్చిన ఆకుపసరు రాసింది. మందుల షాపులో అడిగి ఒక ఆయింట్‌మెంట్ తెచ్చుకుంది. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని ఎవరో అంటే చేపలే మానేసింది. నరసాపురంలో ఉండి, గోదావరికి ఎర్రనీళ్లొచ్చే రోజుల్లో పులస ముట్టకుండా రెండు వానాకాలాలు గడిపింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్లో అది మామూలు త్యాగం కాదు. (చేపలూ పాలూ కలిస్తే బొల్లి వస్తుందనడానికి ఆధారమేమీ లేదు.) చేపలు మానేసింది, పాలు తగ్గించింది. బొట్టుబిళ్ల మాత్రం మానలేదు. దాన్ని ఎవరూ అనుమానించలేదు కాబట్టి.

‘ఏ బొట్టు పెడతారమ్మా?’

చివరికి నేను బలవంతం చేసి భీమవరం తీసుకెళ్లాను. అక్కడి చర్మవైద్యురాలు మచ్చని చూశారు, నీలిరంగు కాంతి పడే దీపం పెట్టి చూశారు. ఆ తరవాత అడిగిన మొదటి ప్రశ్న, ‘ఏ బొట్టు పెడతారమ్మా?’

‘ఆయ్, స్టిక్కరేనండి.’

‘ఎన్నేళ్లుగా?’

‘పెళ్లయినప్పట్నుంచీనండి. పాతికేళ్లు దాటింది.’

అప్పటిదాకా పిన్నిని ఎవరూ అడగని ప్రశ్న అది. నిజానికి మన దేశంలో చర్మవైద్యులకు ఇది కొత్త కాదు. అలహాబాద్‌కు చెందిన డాక్టర్ ఎ.కె.బజాజ్ బృందం 1990లోనే బొట్టుబిళ్ల జిగురు వల్ల రంగు పోయిన కేసుల్ని వైద్య పత్రికలో వివరించింది. దోషి ఎవరంటే జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యుటైల్ ఫినాల్. పేరు నోరు తిరగదు కానీ చేసే పని తేలిగ్గానే అర్థమవుతుంది.

మన చర్మంలో రంగుని తయారుచేసే కణాలుంటాయి. మెలనోసైట్లంటారు. టైరోసిన్ అనే పదార్థాన్ని తీసుకుని, టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో మెలనిన్‌గా మార్చడం వాటి వృత్తి. ఈ ఫినాల్ రూపం టైరోసిన్‌ని పోలి ఉంటుంది. కణం మోసపోతుంది. అసలు సరుకనుకుని దాన్ని లోపలికి తీసుకుని మార్చడం మొదలెడుతుంది. తయారయ్యేది రంగు కాదు, కణం లోపలి ప్రొటీన్లకు అతుక్కుపోయే ఒక విషపు ముక్క. కణం తల్లడిల్లిపోతుంది, ఆపదలో ఉన్నానంటూ సంకేతాలు వదులుతుంది.

అసలు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. ఆ సంకేతాలకు పరుగెత్తుకొచ్చేది మన రోగనిరోధక కణాలు. విషపు ముక్క అతుక్కున్న ప్రొటీన్లు వాటికి పరాయివిగా కనిపిస్తాయి. అప్పట్నుంచి రంగు కణం ఎక్కడ కనిపించినా శత్రువే. కొంతమందిలో జిగురు తగిలినచోటితో గొడవ ఆగిపోతుంది. మరికొందరిలో మాత్రం బొట్టు ఎన్నడూ తాకని మోచేయి మీదా, వేళ్ల చివరా, పెదవుల పక్కనా మచ్చలు మొదలవుతాయి. మొదటిదాన్ని రసాయనం చేసిన గాయమనుకోవచ్చు. రెండోది అచ్చంగా ఆటో ఇమ్యూన్ జబ్బు. అంటే, ఇంటి కాపలాదారే ఇంటివాళ్లని కొట్టడం.

‘ఇంకెక్కడన్నా మచ్చలున్నాయా అమ్మా?’ అని డాక్టర్ అడిగినప్పుడు పిన్ని నా వంక ఒకసారి చూసి, చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి తీసింది. కుడి మోకాలి మీద రూపాయి బిళ్లంత మచ్చ. అది నాకూ చెప్పలేదు.

చేతి తొడుగుల నుంచి చెప్పుల దాకా

రసాయనం వల్ల బొల్లి రావచ్చని ప్రపంచానికి మొదట తెలిసింది 1939లో. అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారం. అక్కడి కార్మికులకు చేతులు తెల్లబడటం మొదలైంది. ఒకరిద్దరికి కాదు, ఆ విభాగంలో దాదాపు సగం మందికి. ఆరా తీస్తే అందరూ ఒకే రకం రబ్బరు చేతితొడుగులు వాడుతున్నారు. రబ్బరు త్వరగా పాడవకుండా కలిపిన మోనోబెంజైల్ ఈథర్ ఆఫ్ హైడ్రోక్వినోన్ అనే రసాయనం చర్మంలోకి దిగి రంగు కణాల్ని చంపేసిందని తేల్చారు. చిత్రమేమిటంటే అదే రసాయనం తరవాత మందయింది. ఒళ్లంతా బొల్లి వచ్చి అక్కడక్కడా మాత్రమే రంగు మిగిలినవారికి, ఆ మిగిలిన రంగునీ తీసేసి ఒంటిని ఒకే తీరుగా చేయడానికి వాడారు!

మన దగ్గర జరిగిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గది కోల్‌కతాది. 2009లో ప్రచురితమైంది. రసాయనాల వల్ల రంగు పోయిన 864 మందిని పరిశీలించారు. ఎక్కువగా అనుమానం పడింది దేనిమీదో చెప్పుకోండి చూద్దాం. బొట్టుబిళ్ల కాదు, జుట్టుకు వేసుకునే రంగు. నూటికి 27 మందికి పైగా అదే కారణం. ఆ తరవాత డియోడరెంట్లూ సెంట్లూ సుమారు 22 శాతం, బట్టల సబ్బులూ శుభ్రపరిచే ద్రవాలూ 15 శాతం. బొట్టుబిళ్ల వాటా 12 శాతం. రబ్బరు చెప్పులూ, నల్ల సాక్సులూ బూట్లూ, కంటికి దిద్దుకునే లైనరూ కూడా జాబితాలో ఉన్నాయి. చెప్పు పట్టీ ఆనినచోట అచ్చంగా పట్టీ ఆకారంలోనే తెల్లమచ్చ పడితే అనుమానించాల్సింది ఏమిటో వేరే చెప్పాలా?

ఆ జాబితా చదివాక నాకు మా ఇంట్లో వస్తువులన్నీ నేరస్థుల్లా కనిపించాయి. రెండ్రోజులు సెంటు జోలికి పోలేదు. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. వీటిని కోట్లమంది వాడుతున్నారు. అందరికీ మచ్చలు రావడం లేదు కదా. మరి కొందరికే ఎందుకు?

గడ్డివాము, నిప్పురవ్వ

డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా చెప్పొచ్చు. చుట్ట తాగి పారేసిన ముక్క పచ్చిగడ్డి మీద పడితే ఆరిపోతుంది. ఎండిన గడ్డివాము మీద పడితే? ఒంట్లో గడ్డివాము ఎండి ఉండటమనేది చాలావరకు జన్యువుల వల్ల. రవ్వ మాత్రం బయటి నుంచి రావాలి.

బొల్లి వచ్చిన కవలల మీద జరిపిన పరిశోధన ఈ మాటకు గట్టి సాక్ష్యం. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు జన్యుపరంగా అచ్చు గుద్దినట్లుంటారు. జబ్బు మొత్తం జన్యువుల్లోనే ఉంటే ఒకరికి వచ్చినప్పుడు రెండోవారికీ వచ్చి తీరాలి. కానీ అలా ఇద్దరికీ వచ్చింది నూటికి 23 జంటల్లోనే. మిగతా కథ బయట ఉంది.

చుట్ట మాటెలాగూ వచ్చింది కాబట్టి... గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పేరు. మన తాతలు దాన్ని వ్యసనమనుకున్నారే కానీ కీళ్లతో ముడిపెట్టలేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా ఆటో ఇమ్యూన్ జబ్బే. పొగ తగిలినప్పుడు ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్లలో చిన్న రసాయన మార్పు వస్తుందనీ, వాటిని శరీరం పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుందనీ, అవి తరవాతెప్పుడో కీళ్ల మీద పడతాయనీ స్వీడన్ శాస్త్రవేత్తలు వివరించారు. 2006లో వాళ్లు వేసిన లెక్క ప్రకారం, ఈ జబ్బుకు దారితీసే జన్యురూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చి, దానికి పొగ అలవాటు తోడైతే ముప్పు 21 రెట్లు. ఆ జన్యువూ లేక, పొగా తాగనివారితో పోలిస్తే. గడ్డీ, రవ్వా రెండూ కలిస్తే మంట ఎంతుంటుందో చూడండి. రాళ్లు కొట్టేవారికీ, గనుల్లో పనిచేసేవారికీ సిలికా ధూళి వల్ల చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా రావడం గురించి వైద్యులు 1914లోనే రాశారు. ఇప్పుడు ప్రతి వీధిలో గ్రానైటూ టైల్సూ కోసే కుర్రాళ్లని ముక్కుకి గుడ్డయినా లేకుండా చూస్తున్నాం.

అసలు ఈ కాపలాదారులు ఊరికే మన మీద పడకుండా ఆపేదెవరు? వాళ్ల మీదా అజమాయిషీకి కొన్ని కణాలున్నాయి. నియంత్రక టి-కణాలంటారు. వాటి గుట్టు విప్పినందుకే జపాన్‌కు చెందిన షిమోన్ సకగూచికీ, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ 2025 వైద్య నోబెల్ వచ్చింది.

జపాన్‌లో ఏం జరిగింది?

‘మేం వాడేవి పెద్ద కంపెనీవి, పరీక్షలు చేసి అమ్మేవి’ అంటారా? అయితే ఇది చదవండి. జపాన్‌లో కనెబో పేరున్న సౌందర్య సాధనాల సంస్థ. చర్మం తెల్లబడటానికి రోడోడెండ్రాల్ అనే పదార్థాన్ని కలిపి క్రీములు తెచ్చింది. చెట్టు బెరడులో సహజంగా దొరికే పదార్థమే. ప్రభుత్వ అనుమతీ ఉంది. టైరోసినేజ్‌ని అడ్డుకుని మెలనిన్‌ని తగ్గించడం దాని పని. సుమారు 8 లక్షలమంది వాడారు. కొన్నాళ్లకు కొందరి మొహాల మీదా, మెడల మీదా, చేతుల మీదా క్రీము రాసినచోటల్లా అట్లాసులో దీవుల్లా తెల్లటి మచ్చలు! 2013 జులైలో కంపెనీ 54 రకాల ఉత్పత్తుల్ని వెనక్కి తెప్పించింది. బాధితుల లెక్క తేలేసరికి 19 వేలు దాటింది.

పిన్ని నుదుటి మీద జరిగిందే ఇక్కడా జరిగింది. రంగుని తగ్గించాల్సిన పదార్థాన్ని అదే ఎంజైమ్ పట్టుకుని విషంగా మార్చింది. క్రీము మానేశాక చాలామందికి రంగు కొంతైనా తిరిగొచ్చింది. కొందరికి మాత్రం క్రీము రాయనిచోట్లకూ మచ్చలు పాకాయి.

వాడిన వందమందిలో ఇద్దరికే వచ్చింది కదా అని కొట్టిపారేయొచ్చు. కానీ ఆ ఇద్దరిలో మనం ఉంటామో లేదో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు.

సూట్‌కేసులో వచ్చే తెలుపు

బొల్లి చర్మంతో పోతుంది. మచ్చ వల్ల ప్రాణానికి ముప్పేమీ లేదు, బాధంతా చూసేవాళ్ల కళ్లతోనే. కానీ అందం కోసం రాసుకున్నది కిడ్నీ మీద పడితే?

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఉన్న ఒక ఆసుపత్రి కిడ్నీ వైద్యులకు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు మధ్య మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులు 22 కనిపించాయి. కిడ్నీలో రక్తాన్ని వడపోసే పొర మీద సొంత యాంటీబాడీలే పేరుకుపోయే జబ్బది. వడపోత చిల్లులు పడ్డట్టయి ప్రొటీన్ మూత్రంలో పోతుంది. మూత్రం సబ్బునీళ్లలా నురగలొస్తుంది, కాళ్లూ మొహం ఉబ్బుతాయి. ఆ 22 మందిలో 15 మందికి ఉన్నది నెల్-1 అనే అరుదైన రకం. అరుదైనది ఒకేచోట ఇంతమందికి ఎలా వచ్చిందని డాక్టర్లు కూపీ లాగితే, ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు వాడుతున్నట్లు బయటపడింది. క్రీముల్లో పాదరసం! ఈ వివరాలు కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. చాలామందికి క్రీము మానేశాక జబ్బు తగ్గుముఖం పట్టింది. 2023లో కేరళ ఔషధ నియంత్రణ విభాగం ‘ఆపరేషన్ సౌందర్య’ పేరుతో దుకాణాల మీద దాడులకు దిగింది.

పాదరసం కూడా టైరోసినేజ్ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. అందుకే రెండు వారాల్లో మొహం తెల్లబడుతుంది. ‘భలే పనిచేసిందే’ అని చుట్టాలకీ ఇస్తాం. చర్మంలోంచి రక్తంలోకి చేరిన పాదరసం కిడ్నీల్లో పోగవుతుంది. అక్కడ అది కాపలాదారుల్ని రెచ్చగొడుతుందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నారు. రాసుకునేవే కాదు, మింగేవీ ఉన్నాయి. వేలూరు సీఎంసీ వైద్యులు 2022లో ఇదే నెల్-1 రకం రోగుల్ని పరిశీలిస్తే, పలువురు సంప్రదాయ మందులు వాడినవారని తేలింది. పసరు మందు, భస్మం అంటే భయం లేకుండా మింగేవారు మన జిల్లాల్లోనూ తక్కువేం కాదు.

మన సౌందర్య సాధనాల నిబంధనలు పాదరసాన్ని కలపనివ్వవు. తెలియకుండా చేరినా పదిలక్షల్లో ఒక భాగం మించకూడదు. కంటి చుట్టూ వాడేవాటికి మాత్రం కొంత సడలింపు ఉంది. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నింటినీ 2025 కల్లా మానేయాలని మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో తీర్మానించాయి. ఒప్పందంలో మనమూ ఉన్నాం. కానీ చట్టం ఫ్యాక్టరీకి వెళ్లగలదు, సూట్‌కేసులోకి రాలేదు. ఇటు నరసాపురం చుట్టుపక్కల్నుంచీ, రేవు దాటితే కోనసీమ నుంచీ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. సెలవుకి వచ్చేటప్పుడు తలో వస్తువూ తేవాలి కదా... ఖర్జూరాలు, సెంటు సీసాలు, బాదంపప్పు, వాటి మధ్య క్రీము డబ్బాలు. అరబిక్‌లోనో, ఉర్దూలోనో రాసి ఉంటుంది. కొన్నింటి మీద ఏమీ రాసి ఉండదు. ‘దుబాయ్ క్రీము’ అన్న పేరు చాలు, ఎవరూ వెనక్కి తిప్పి చూడరు. అందరూ తెచ్చేవీ చెడ్డవని కాదు. ఏది చెడ్డదో రంగూ వాసనా చూసి చెప్పలేం, అదీ ఇబ్బంది.

ఒక చిన్న ఆనవాలు మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘బంగారం, వెండి నగలకు తగలనివ్వకండి’ అని డబ్బా మీద ఉంటే అందులో పాదరసం ఉండొచ్చు. పాదరసం బంగారాన్ని పాడుచేస్తుంది మరి. ‘కాలోమెల్’, ‘మెర్క్యూరస్ క్లోరైడ్’, ‘మెర్క్యూరిక్’ లాంటి మాటలున్నా అంతే. గొలుసు పాడవుతుందని జాగ్రత్త చెప్పిన డబ్బా మెడ సంగతి చెప్పదు.

అన్నింటికీ అదే కారణమా?

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ మధ్య ఏ జబ్బొచ్చినా ‘అంతా కెమికల్సండీ’ అనడం మామూలైపోయింది. ఆటో ఇమ్యూన్ జబ్బులున్న ప్రతి ఐదుగురిలో నలుగురు ఆడవాళ్లే. సౌందర్య సాధనాలు ఎక్కువగా వాడేదీ ఆడవాళ్లే. రెండింటినీ ముడిపెట్టేయడం ఎంత తేలికో చూడండి! కానీ ఆడవాళ్లలో ఎక్కువ రావడానికి హార్మోన్ల పాత్ర ఉంది, రెండు ఎక్స్ క్రోమోజోముల పాత్ర ఉంది. అదనపు ఎక్స్‌ని నిద్రపుచ్చే జిస్ట్ అనే అణువు చుట్టూ చేరే ప్రొటీన్ల మీదే యాంటీబాడీలు పుట్టొచ్చని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2024లో చూపించారు. అందులో లిప్‌స్టిక్ తప్పేం లేదు.

జుట్టు రంగు వల్ల లూపస్ వస్తుందని ఒకప్పుడు గట్టి అనుమానం. అమెరికాలో వేలాదిమంది నర్సుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 1996లో సంబంధం కనబడలేదని తేల్చింది. అదే జుట్టు రంగు కోల్‌కతా బొల్లి జాబితాలో మొదటి పేరు. ఒక జబ్బుకి నిర్దోషి, ఇంకో జబ్బుకి అనుమానితుడు. గోళ్ల రంగు సంగతి ఇంకా తమాషా. కాలేయంలోని సన్నని పైత్యనాళాల్ని సొంత కణాలే దెబ్బతీసే జబ్బు ఒకటుంది. 2005లో అమెరికాలో వెయ్యిమందికి పైగా రోగుల్ని, అంతేమంది ఆరోగ్యవంతుల్ని పోల్చి చూస్తే, తరచూ గోళ్ల రంగు వేసుకునేవారు రోగుల్లో కాస్త ఎక్కువున్నారు. కాస్తే. దాన్ని పట్టుకుని గోళ్ల రంగు సీసాలు గోదాట్లో పారేయక్కర్లేదు.

నాకర్థమైనంతలో తేడా ఇది. బొట్టు జిగురు, రోడోడెండ్రాల్, పాదరసం విషయంలో రసాయనం పేరు తెలుసు, అది కణంలో ఏం చేస్తుందో చాలావరకు తెలుసు, మానేస్తే చాలామందిలో తగ్గుతోంది కూడా. మిగతావాటిలో ఇంకా అనుమానమే. రెండింటినీ ఒకే గంపలో వేస్తే నిజంగా భయపడాల్సినవాటికి భయపడటం మానేస్తాం.

నుదురు ఖాళీగా...

మళ్లీ పిన్ని దగ్గరికొస్తాను. డాక్టర్ చెప్పింది చిన్నమాటే. ‘ఆరు నెలలు నుదుటి మీద ఏమీ పెట్టకండి. స్టిక్కరూ వద్దు, తిలకమూ వద్దు, కొట్లో కుంకుమా వద్దు.’ కొట్లో ఎర్రగా కనిపించేదంతా పసుపుతో చేసిన కుంకుమ కాదు, రసాయన రంగులు కలిసినవీ ఉంటాయి. వాటికీ చర్మం పేలిపోయేవారున్నారు.

మందుల చీటీ రాస్తున్నంతసేపూ పిన్ని మాట్లాడలేదు. బయటికొచ్చాక బస్టాండులో అంది, ‘ఆయన ఉండగా ఉత్తి నుదురేసుకుని వీధిలోకి ఎలా వెళ్లనే?’

దానికి నా దగ్గర జవాబు లేదు. మెలనోసైట్ గురించి గంట చెప్పగలను. దీనికి మాత్రం తెల్లమొహం వేశాను. మన దగ్గర మచ్చ ఉన్న నుదురు కన్నా బొట్టు లేని నుదురు పెద్ద వార్త. వైద్య పుస్తకాల్లో ‘కారణమైన వస్తువుని మానేయాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కని అమల్లో పెట్టాల్సింది నలుగురు కూర్చునే అరుగు మీద.

దారి చూపించింది మా అమ్మమ్మ. ‘పాపిట్లో పెట్టుకోవే. నుదుటి మీదే పెట్టాలని ఎవరన్నారు?’ అంది. పసుపు కొమ్ములు కొట్టించి, నిమ్మరసం, పటిక, వెలిగారం వేసి పాతకాలపు పద్ధతిలో కుంకుమ తనే చేసింది. డాక్టర్‌ని ఫోన్లో అడిగితే, చర్మానికి తగలకుండా జుట్టు మీద రవ్వంత పెట్టుకోమన్నారు. ఇంట్లో చేసిందైనా పడనివాళ్లుంటారట. దురదొస్తే వెంటనే మానేయమన్నారు. వారంపాటు అరుగు మీద గుసగుసలు. తరవాత పక్కింటావిడ వచ్చి, తన చెప్పు పట్టీ కింద మచ్చ చూపించి, ‘ఇదీ అదేనా అమ్మా?’ అని పిన్నిని అడిగింది. పిన్ని ఆవిణ్ని భీమవరం తీసుకెళ్లింది.

వైద్యం విషయానికొస్తే బొల్లికి ఇప్పుడు దారులున్నాయి. పూతమందులు, వారానికి రెండు మూడుసార్లు సన్నపాటి అతినీలలోహిత కిరణాల చికిత్స. రోగనిరోధక కణాల సంకేతాల్ని అడ్డుకునే రుక్సోలిటినిబ్ పూతమందుకి అమెరికా 2022లో అనుమతిచ్చింది. ఎంత త్వరగా వెళ్తే అంత మేలు. జిగురు తగలడం ఆగిపోయి, ఇంకా కొన్ని రంగు కణాలు బతికి ఉంటే వెంట్రుకల కుదుళ్లలోంచి రంగు మళ్లీ చుక్కలు చుక్కలుగా పుట్టుకొస్తుంది. పిన్ని రెండేళ్లు ఆలస్యం చేసింది. ఆ రెండేళ్లూ చేపల మీదే అనుమానం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడేవన్నీ, క్రీము డబ్బాలు, జుట్టు రంగు అట్టపెట్టెలు, బొట్టుబిళ్లల అట్టలు సంచిలో వేసుకుని వెళ్లండి. ‘ఏం వాడుతున్నారు’ అంటే మనకి మందులే గుర్తొస్తాయి, బొట్టు గుర్తురాదు. ఏది పడలేదో తేల్చడానికి వీపు మీద చిన్న పట్టీలు అతికించి చూసే పరీక్ష ఉంది. జుట్టు రంగు వేసుకునేముందు చెవి వెనక కాస్త రాసి రెండ్రోజులు చూడమని పెట్టె మీద రాసేది ఊరికే కాదు. బొట్టుబిళ్లల సంగతి తెలుసుకుందామని పిన్ని దాచుకున్న అట్టలు ఏడు తిరగేశాను. ధర ఉంది, దేవుడి బొమ్మ ఉంది, ఒకదాని మీద సినిమా తార బొమ్మ ఉంది. జిగురులో ఏముందో ఒక్కదాని మీదా లేదు.

ఎనిమిది నెలలకి నుదుటి మీది మచ్చ అంచుల నుంచి మూసుకుపోవడం మొదలైంది. ఇప్పుడు దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు. మోకాలి మీది మచ్చ అలాగే ఉంది, ఇంకో చిన్నది మడమ దగ్గర వచ్చింది. బిళ్ల మానేసినా ఆగని గొడవ అది. కిరణాల చికిత్సకి నెలనెలా వెళ్తూనే ఉంది. చెల్లి పెళ్లి కిందటేడు ఫాల్గుణంలో అయింది. పెళ్లిచూపులప్పుడే పిన్ని మగపెళ్లివారి ఆడవాళ్లని లోపలికి పిలిచి మోకాలి మచ్చ చూపించి, ‘ఇది అంటుకోదండి, నా తరవాత దీనికీ రావాలనీ లేదు, రాదనీ లేదు, చూసుకోండి’ అందట. అవతలి పెద్దావిడ కాసేపు ఊరుకుని, ‘మా ఆడపడుచుకీ ఉంది’ అందట.

కిందటి ఆషాఢంలో వెళ్లినప్పుడు పిన్ని పులస పులుసు పెట్టింది. చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్తే అద్దం కొత్తగా కనిపించింది. బాబాయి బ్లేడుతో బిళ్లలన్నీ గీకేశారు. బిళ్లలు పోయాయి కానీ వాటి జిగురు గుండ్రటి మరకల్లా అద్దం చుట్టూ అలాగే ఉంది. కిరసనాయిలు పెట్టి తుడిచినా పోలేదట.